నలభై ప్రశ్నల ‘ఎల్‌ఎస్‌ఎస్’ ఫారం: మన కోచింగ్ సెంటర్లకి ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగో కబడ్డీయో నేర్పే సెంటర్ల వాళ్లకి, స్పోర్ట్స్ హాస్టళ్ల వాళ్లకి ‘మా కోచ్ గురించి పిల్లలు ఏమనుకుంటున్నారు?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు ముందుగా చేతికి దొరికేది లీడర్‌షిప్ స్కేల్ ఫర్ స్పోర్ట్స్, పొట్టిగా ఎల్‌ఎస్‌ఎస్. ఎంపీఎడ్ ప్రాజెక్టుల పుణ్యమా అని చాలామంది పీఈటీలకి పేరైనా తెలిసిన ఫారం ఇది.

మార్కులు ముందే చెప్పేస్తే, 5కి 3. కింద చెప్పిన మూడు మార్పులు చేసుకుని, పక్కన ఒక పరిశీలన షీటు కూడా పెట్టుకుంటే 4. అదేమీ లేకుండా 40 జవాబులూ కూడేసి ‘మా సార్‌కి 162 వచ్చాయి’ అని నోటీసు బోర్డుకి అంటిస్తే సున్నా.

దీన్ని చెల్లదురై, సాలే అనే ఇద్దరు కెనడాలో తయారుచేశారు. 1980లో అచ్చయింది. చెల్లదురై మద్రాసులో వ్యాయామ విద్య చదివి వెళ్లినవారే. 40 ప్రశ్నలు ఐదు భాగాలుగా ఉంటాయి. మెళకువలు నేర్పడం గురించి 13, అందరినీ అడిగి నిర్ణయించడం గురించి 9, ఆట బయట పిల్లల మంచిచెడ్డలు చూడటం గురించి 8, మెచ్చుకోలు గురించి 5, తన మాటే నెగ్గించుకోవడం గురించి 5. ప్రతి ప్రశ్నకీ ఐదు గడులు. మూల ఫారంలో వాటి పక్కన 100, 75, 50, 25, 0 శాతం అని కొలత కూడా రాసి ఉంటుంది. ఏడో తరగతి పిల్లకి శాతాల కంటే ‘పదిసార్లలో ఎన్నిసార్లు?’ అంటే సులువుగా బోధపడుతుంది: పదికి పది, ఏడెనిమిది, ఐదు, రెండు మూడు, ఒక్కసారీ లేదు. వాటికి మార్కులు వరసగా 5, 4, 3, 2, 1. ‘ఎప్పుడూ’ అన్న మాట గడి మీద రాయకండి. కొందరు దాన్ని ‘ప్రతిసారీ’ అని చదివితే కొందరు ‘ఎప్పుడూ చేయరు’ అని చదువుతారు. ‘ప్రతిసారీ’ అనే రాస్తే గొడవే లేదు.

ఈ ఫారం అసలు విలువ ప్రశ్నల్లో కాదు, అది మూడు రకాలుగా దొరకడంలో ఉంది. ఒకటి ‘మా కోచ్ ఇలా ఉంటే బాగుణ్ణు’ అని పిల్లలు నింపేది. రెండోది ‘మా కోచ్ ఇలా ఉన్నారు’ అని పిల్లలే నింపేది. మూడోది కోచ్ తన గురించి తాను నింపుకునేది. మన దగ్గర చాలామంది రెండోది ఒక్కటే జిరాక్స్ తీసి పంచేస్తారు. అక్కడితో సగం పని చెడినట్టే. చెల్లదురై సిద్ధాంతం ప్రకారం, పరిస్థితి కోరే తీరు, పిల్లలు కోరుకునే తీరు, కోచ్ నిజంగా ఉండే తీరు ఎంత దగ్గరగా ఉంటే ఆటా, తృప్తీ అంత బాగుంటాయి. అంటే చూడాల్సింది మార్కుని కాదు, తేడాని.

లెక్క కష్టమేం కాదు. ఉదాహరణకి మెచ్చుకోలు భాగంలో ఒక అమ్మాయి కోరుకున్నది ఐదు ప్రశ్నలకి కలిపి 22, కోచ్‌లో కనిపిస్తున్నది 14 అనుకుందాం. ఐదుతో భాగిస్తే 4.4, 2.8. తేడా 1.6. అదే భాగంలో ఇంకో అబ్బాయికి 3.0, 2.8 వచ్చాయనుకోండి. కోచ్ ఇద్దరికీ ఒకేలా కనిపించారు, కానీ ఇబ్బంది పడుతున్నది అమ్మాయి ఒక్కతే. రెండో ఫారం మాత్రమే ఇచ్చి ఉంటే ఈ సంగతి కాగితం మీదికి వచ్చేదే కాదు. ఐదు భాగాలనీ విడివిడిగానే ఉంచాలి. ‘తన మాటే నెగ్గించుకోవడం’లో మార్కు పెరిగితే అది గొప్ప కాదు కాబట్టి అన్నీ కలిపి తీసిన మొత్తానికి అర్థం లేదు. ఒక పిల్ల ఒక ప్రశ్న వదిలేస్తే రాసినవాటితోనే భాగించండి. ఐదు ప్రశ్నల భాగంలో రెండు ఖాళీలుంటే మాత్రం ఆ పిల్లకి ఆ భాగం లెక్కలోకి తీసుకోవద్దు.

సగటు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. కబడ్డీ జట్టులో 12 మంది. మ్యాట్ మీదికి దిగే ఏడుగురు 4.5 చొప్పున వేసి, బెంచీ మీద ఉండే ఐదుగురు 1.5 చొప్పున వేస్తే జట్టు సగటు 3.25 వస్తుంది. అది చూసి ‘పర్వాలేదు, మధ్యస్తంగా ఉన్నారు’ అనుకుంటాం. నిజానికి ఆ కోచ్ మధ్యస్తంగా ఎవరితోనూ లేరు. అందుకని సగటు పక్కన ఎవరెవరు ఎంత వేశారో చుక్కలు పెట్టి ఒక గీత మీద చూపించండి. గ్రాఫ్ పేపరు, పెన్సిలు చాలు. చుక్కలు రెండు గుంపులుగా విడిపోయాయంటే, కోచ్‌తో మాట్లాడాల్సిన విషయం సగటు గురించి కాదు, ఆ రెండో గుంపు గురించి.

ఇప్పుడు లోపాలు. మొదటిది ఆ ఐదు ప్రశ్నల ‘తన మాటే’ భాగం. ఒక భాగంలోని ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా లేదా అని చూసే కొలత ఒకటుంది, క్రాన్‌బాక్ ఆల్ఫా అంటారు. 0.70 దాటితే సరిపోతుందని వాడుక. ఈ ఒక్క భాగం చాలా దేశాల్లో ఆ గీత దాటలేక పడిపోతూ వచ్చింది. మన దగ్గర ఇంకా చిక్కు. ‘ఎదురు ప్రశ్నకి తావు లేనట్టు మాట్లాడతారు’ అన్న అర్థం వచ్చే ప్రశ్న ఉంది. దాన్ని ‘సార్ మాటకి తిరుగుండదు’ అని తెలుగు చేస్తే పిల్లలు మెచ్చుకోలుగా చదివి ఐదు వేసేస్తారు. ‘ఎవరితోనూ కలవరు’ అన్నదాన్ని ‘తన పని తాను చూసుకుంటారు’ అని రాస్తే అదీ మంచి గుణమైపోతుంది. ‘ఎందుకు చేస్తున్నారో చెప్పరు’ అన్నదానికి ‘ఒక్కసారీ లేదు’ టిక్కు పెట్టాలంటే పిల్ల రెండు కాదులని కలిపి ఔను చేసుకోవాలి. పెద్దవాళ్లే అక్కడ తడబడతారు.

దీనికి మందు, ఆ ఐదూ తీసేసి వాటి స్థానంలో 2010లో బార్తలమ్యూ, ఆమె తోటివారు చేసిన 15 ప్రశ్నల ఫారం పెట్టుకోవడం. పేరు కంట్రోలింగ్ కోచ్ బిహేవియర్స్ స్కేల్. అందులో నాలుగు విషయాలున్నాయి. బహుమతి ఆశ చూపి లొంగదీసుకోవడం, మాట వినకపోతే మొహం తిప్పుకోవడం, బెదిరించడం, ఆట బయటి బతుకులో కూడా పెత్తనం చేయడం. రెండోది మన పిల్లలకి వివరించక్కర్లేదు. ‘సరిగా ఆడకపోతే సార్ రెండ్రోజులు పలకరించరు’ అంటే ఎచ్చెర్లలోనైనా గజపతినగరంలోనైనా ఠక్కున అర్థమవుతుంది. ఈ ఫారంలో గడులు ఏడు. రెండిటినీ కలిపి సగటు తీయకండి, వేరువేరుగానే చెప్పండి.

రెండో లోపం ఇంకా గట్టిది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ‘మంచిచెడ్డలు చూడటం’ భాగంలో కోచ్ పిల్లల్ని తన ఇంటికి పిలవడం, సొంతంగా సాయాలు చేయడం, మనసులో మాట తనకి చెప్పుకోమనడం ఇవన్నీ మంచి మార్కులు తెచ్చే పనులు. 1980లో కాలేజీ కుర్రాళ్లని దృష్టిలో పెట్టుకుంటే సరే. పదమూడేళ్ల అమ్మాయి, మగ కోచ్, ఇంటికి దూరంగా హాస్టలు. ఇక్కడ అవే పనులు జాగ్రత్త పడాల్సిన సూచనలు. ఇంటికి పిలిచే ప్రశ్నని పిల్లల ఫారంలోంచి తీసేయండి. ‘తల్లిదండ్రులకి తెలిసేలా బాగోగులు కనుక్కుంటారు’ లాంటి వాక్యం పెట్టుకోవచ్చు. కాకపోతే అప్పుడు మీ అంకెల్ని వేరే చోట వచ్చిన అంకెలతో పోల్చకూడదు, మార్చామని రిపోర్టులో రాయాలి.

మూడోది, ఆటకి సరిపడని ప్రశ్నలు. అడిగి నిర్ణయించే భాగంలో ‘మ్యాచ్‌లో ఏ ఎత్తు వేయాలో ఆటగాళ్లనే తేల్చుకోనిస్తారు’ అన్న అర్థంలో ఒకటుంది. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మనసులో పెట్టుకుని రాసింది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ బార్ ఎత్తే పిల్ల దానికి ఏమని టిక్కు పెట్టాలి? వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆ ప్రశ్నకి సమానమైనది ఒక్కటే: పోటీలో ఎన్ని కిలోలు అడగాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? స్నాచ్‌కి (ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కి (ముందు భుజాల మీదికి, తరవాత తల పైకి) మూడు అవకాశాలు. ప్రతి అవకాశానికీ కార్డు మీద రాసిన బరువుని రెండుసార్లు మార్చుకోవచ్చు. ఆ నిమిషాల్లో లిఫ్టర్ మాట చెల్లుతుందా లేదా అన్నది చిన్న విషయం కాదు. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి మొత్తం 240తో కాంస్యం తెచ్చింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 అడిగారు, అది దక్కలేదు. పైనున్న ఇద్దరి మొత్తం 242.5. అంటే పతకం రంగు కార్డు మీది అంకెతో మారే ఆట ఇది. కాబట్టి ఆ ప్రశ్నని ‘పోటీలో బరువు మార్చేముందు నన్ను అడుగుతారు’ అని తిరగరాసుకుంటే కోచ్‌కి పనికొచ్చే జవాబు వస్తుంది. కబడ్డీకి ‘ఎవరు రైడ్‌కి వెళ్లాలో మాతో చర్చిస్తారు’ అని మార్చుకోవచ్చు. పరుగు పందేల వాళ్లకి ఈ ప్రశ్న తీసేసినా నష్టం లేదు.

1997లో జాంగ్, జెన్సెన్, మాన్ దీన్ని సవరించి 60 ప్రశ్నలు చేశారు, పరిస్థితిని బట్టి నడుచుకోవడం అన్న ఆరో భాగం చేర్చి. పిల్లలకి 60 ఎక్కువ. ముప్పయ్యో ప్రశ్న దాటాక వరసగా ఒకే గడిలో టిక్కులు పడటం మొదలవుతుంది. అలాంటి కాగితాన్ని పట్టుకోవడం తేలికే. మెచ్చుకోలుకీ పెత్తనానికీ కూడా అన్నీ ఐదులే ఉంటే ఆ పిల్ల చదవలేదన్నమాట, పక్కన పెట్టండి.

ఫారం ఎంత మంచిదైనా ఇచ్చే పద్ధతి తప్పితే వచ్చేది కోచ్ గురించి కాదు, భయం గురించి. కోచ్‌గానీ వార్డెన్‌గానీ ఆ గదిలో ఉండకూడదు. జట్టు ఎంపికలో మాట చెల్లే ఎవరూ ఉండకూడదు. ఇంకో స్కూలు టీచరో, డిగ్రీ కాలేజీ లెక్చరరో వచ్చి ప్రశ్నలు బిగ్గరగా చదివితే, తెలుగు నెమ్మదిగా చదివే పిల్లలు కూడా అందరితో పాటు నింపుతారు. పేరు వద్దనడం అందరికీ తెలుసు. అది చాలదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో వెయిట్ కేటగిరీ అడిగారంటే పేరు అడిగినట్టే, ఎందుకంటే ఒక సెంటర్లో ఒక కేటగిరీకి ఒకరో ఇద్దరో ఉంటారు. పుట్టిన తేదీ, ఊరు, పతకాలు, ఇవీ అంతే. చేతిరాత కనపడకుండా టిక్కులే పెట్టించండి. ‘ఇంకేమైనా చెప్పాలనుకుంటే’ అన్న గీతలు వద్దు. అందరికీ ఒకే రంగు పెన్ను ఇచ్చి, కాగితాలు పిల్లలే కవరులో వేసి అంటించాలి. ఐదుగురి కంటే తక్కువ మంది ఉన్న గుంపు ఫలితం కోచ్‌కి ఇవ్వనే ఇవ్వకూడదు. నలుగురు అమ్మాయిలుంటే అమ్మాయిల సగటు విడిగా చూపించొద్దు.

రెండు ఫారాలూ ఒకే రోజు ఇస్తే ‘ఎలా ఉండాలి’ అన్నది ముందు, ‘ఎలా ఉన్నారు’ అన్నది తరవాత ఇవ్వాలి, మధ్యలో పదినిమిషాల విరామం. తిరగేసి ఇస్తే ఇప్పుడున్న కోచ్‌నే ఆదర్శంగా రాసేస్తారు. జిల్లా ఎంపికలకి ముందు వారమూ వద్దు, తరవాత వారమూ వద్దు. ఎంపికైన వాళ్లకి సార్ దేవుడు, కానివాళ్లకి కాదు. చేరి రెండు నెలలు నిండని పిల్లలకి అసలు ఇవ్వకండి.

కోచ్ నింపే మూడో ఫారం సంగతి వేరు. దాన్ని కొలతగా నమ్మడం దండగ. సియాటెల్‌లో స్మిత్, స్మోల్, కర్టిస్ 1978లో అచ్చువేసిన బేస్‌బాల్ పరిశోధనలో 51 మంది కోచ్‌లు, 542 మంది పిల్లలు. మైదానంలో కూర్చుని లెక్కపెట్టిన దానితో పోలిస్తే, తమ తీరు గురించి కోచ్‌లు చెప్పుకున్నది దాదాపు ఎక్కడా కలవలేదు. తాము శిక్షించే విషయంలో మాత్రం కొంత కలిసింది. పిల్లలు చెప్పినదే నిజానికి దగ్గరగా ఉంది. అయినా మూడో ఫారం నింపించండి, ఫలితం చూపించే రోజు పనికొస్తుంది. ‘మెచ్చుకుంటాను’ అని 4.6 వేసుకున్న మనిషికి పిల్లల 2.8 పక్కన పెట్టి చూపిస్తే, ఉపన్యాసం అక్కర్లేకుండా మాట మొదలవుతుంది. ఆ కాగితం ఆయన ఒక్కరికే చూపించాలి, సెక్రటరీ ముందో తల్లిదండ్రుల మీటింగులోనో కాదు.

మైదానంలో లెక్కపెట్టే ఆ షీటు పేరు కోచింగ్ బిహేవియర్ అసెస్‌మెంట్ సిస్టం, పొట్టిగా సీబీఏఎస్, 1977 నాటిది. ఫారంతో పాటు ఇదీ పెట్టుకుంటేనే 4 మార్కులని ముందు చెప్పింది. కోచ్ చేసే ప్రతి పనినీ 12 గడుల్లో ఒకదానిలో వేస్తారు. ఎనిమిది, పిల్ల చేసిన దానికి కోచ్ స్పందన: బాగా చేస్తే మెచ్చుకోవడం, లేదా పట్టించుకోకపోవడం, తప్పు చేస్తే ధైర్యం చెప్పడం, సరిచేయడం, తిట్టడం, తిడుతూ సరిచేయడం, చూసీ చూడనట్టు వదిలేయడం, అల్లరి చేస్తే అదుపు చేయడం. మిగతా నాలుగు, తనంతట తాను చేసేవి: నేర్పడం, ఉత్సాహపరచడం, ఏర్పాట్లు చూడటం, ఆటతో సంబంధం లేని కబుర్లు.

ఇద్దరు మనుషులు వేరువేరుగా కూర్చుని గీతలు పెట్టాలి. తరవాత ఇద్దరూ కలిసినవి ఎన్నో లెక్కేసి, కలిసినవీ కలవనివీ మొత్తంతో భాగించి వందతో గుణించండి. 80 కన్నా తక్కువ వస్తే అర్థాలు మళ్లీ మాట్లాడుకుని ఇంకో రోజు చేయాలి. కలవనిది ఎక్కువగా ‘సరిచేయడం’కీ ‘తిడుతూ సరిచేయడం’కీ మధ్యనే ఉంటుంది. పరిశీలకులు ఈ ప్రాంతం వాళ్లే అయితే మేలు. ‘ఏటిరా గుంటడా, మోచేయి మడిచేస్తన్నావేటి?’ అన్నది శ్రీకాకుళంలో సరిచేయడం. బయటినుంచి వచ్చినవాళ్లు దాన్ని తిట్టు గడిలో వేసేస్తారు. గొంతులో హేళన ఉందా, పిల్ల మొహం చిన్నబోయిందా అన్నది చూసి వేయాలి. వెయిట్‌లిఫ్టింగ్ హాల్లో ఇంకో చిక్కు, ప్లేట్లు కింద పడే చప్పుడులో మాట వినపడదు. ప్లాట్‌ఫారంకి పక్కగా, కోచ్ పెదవులు కనపడేచోట కూర్చోవాలి. బరువు కింద పెట్టాక తల ఊపడం, వేలు చూపడం కూడా లెక్కే.

ఈ షీటు గొప్పతనం మెచ్చుకోలు విషయంలో తెలుస్తుంది. ఎల్‌ఎస్‌ఎస్ ఎంత మెచ్చుకున్నారన్నదే అడుగుతుంది, దేనికి మెచ్చుకున్నారన్నది పెద్దగా పట్టించుకోదు. 1985లో థెల్మా హార్న్ సాఫ్ట్‌బాల్ అమ్మాయిల మీద చేసిన పరిశోధనలో, ప్రాక్టీసులో ఊరికే పొగిడించుకున్న వాళ్లకి తమ సత్తా మీద నమ్మకం పెరగలేదు. తప్పు ఎత్తిచూపించుకున్న వాళ్లకి పెరిగింది. ‘సెబాస్’ ఎవరికి పడుతోంది, దేనికి పడుతోంది అన్నది గీతలు పెట్టినవాళ్లకే కనపడుతుంది.

కష్టమేంటంటే సీబీఏఎస్‌కి మనుషులు కావాలి. పరిశీలకులకి పన్నెండు గడులూ నోటికొచ్చేదాకా తర్ఫీదు ఇవ్వాలి. కొత్త మొహం చూస్తే మొదటి రోజు కోచ్ మర్యాదగా ఉంటారు కాబట్టి ఆ రోజు గీతలు పారేయాలి. ఎల్‌ఎస్‌ఎస్‌కి జిరాక్స్ ఖర్చు, ఒక సాయంత్రం చాలు. ఒకే కోచ్‌తో ఏళ్ల తరబడి ఉండే లిఫ్టర్లకైతే, నలభై ప్రశ్నల కంటే జోవెట్, న్టూమానిస్ 2004లో ఇచ్చిన 11 ప్రశ్నల కార్ట్-క్యూ చాలు, కోచ్‌కీ ఆటగాడికీ మధ్య బంధాన్ని కొలిచే ఫారం అది. దగ్గరితనం 4, కట్టుబాటు 3, కలిసి పనిచేయడం 4. ‘నేను సార్‌ని నమ్ముతాను’తో పాటు ‘సార్ నన్ను నమ్ముతారు’ అని కూడా అడిగే రూపం ఉండటం దీని ప్రత్యేకత. కొత్తగా చేరిన వాళ్లకి మాత్రం అది తొందరపాటు.

ఎవరు వాడొద్దంటే, కోచ్ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని చూసే కమిటీలు వాడొద్దు. ఉద్యోగం ముడిపడిందని తెలిసిన రోజు నుంచి పిల్లలకి ఏం రాయాలో కోచ్‌లే చెబుతారు. ఇంకొకటి. చేయి చేసుకోవడం, అసభ్యంగా తాకడం, ఆకలితో ఉంచడం లాంటివి ఈ ఫారాల్లో దేనితోనూ కొలిచేవి కావు. ఫారంలోనో మాటలోనో అలాంటిది బయటపడితే సగటు తీస్తూ కూర్చోకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం ఆ విషయం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత. పరిశీలకుడైనా సరే, ప్రశ్నలు చదివి వినిపించిన టీచరైనా సరే. ఫారాలు పంచేముందే ఆ నంబరు బోర్డు మీద రాసి ఉంచండి.